బేస్‌బాల్ పిచర్‌ని (బంతి విసిరేవాణ్ణి) జడ్జిగా ఎన్నుకోవచ్చా?

గుత్తివంకాయ:
ఇక్కడ అమెరికాలో మా పోస్టల్ బ్యాలెట్ వచ్చి వారమైంది. పైనున్న పెద్ద పదవులు ఐదు నిమిషాల్లో అయిపోయాయి, జడ్జీల దగ్గరే ఆగిపోయాం. మా రాష్ట్ర కోర్టు సీటుకి ఇద్దరు పోటీ. పేర్ల పక్కన పార్టీ ఉండదు. ఒకాయన పాంప్లెట్ మూడుసార్లు వచ్చింది. కాలేజీ జెర్సీ వేసుకుని, ఎడమ మోకాలు గుండెల దాకా లేపి బంతి విసరబోతున్న పాత ఫొటో అది. లాయర్‌గా ఏం చేశాడన్నది మాత్రం వెనకాల సన్నటి అక్షరాల్లో రెండు లైన్లు. రెండో ఆవిడ దగ్గర్నుంచి ఒక్క కాగితం కూడా రాలేదు. మా వారు "ఆటగాడు కదా, ప్రెషర్ తట్టుకుంటాడు" అని ఆయన పేరు పక్కన గుండ్రం నింపబోతే పెన్ను లాక్కున్నాను. బంతి విసిరినవాడు విడాకుల కేసు తేలుస్తాడా? మీరేమంటారు?

థర్డ్‌అంపైర్:
2005లో జాన్ రాబర్ట్స్ అమెరికా చీఫ్ జస్టిస్ పదవి కోసం సెనేట్ ముందు కూర్చున్నప్పుడు ఏమన్నాడో గుర్తుందా? జడ్జి అంపైర్ లాంటివాడు, బాల్సూ స్ట్రైకులూ (విసిరిన బంతి సరైందా కాదా అని) చెప్పడమే తన పని, పిచింగూ బ్యాటింగూ కాదు అన్నాడు. ఆ లెక్కన పిచర్ అవతలి పార్టీ. మన భాషలో చెప్పాలంటే, కాలేజీ అంతా "హౌజ్ దట్" అని గొంతు చించుకున్న బౌలర్‌కి అంపైర్ కోటు తొడుగుతున్నాం 😄

మిన్నెసోటా_మామయ్య:
నవ్వులాట సరేగానీ, మా అలన్ పేజ్ సంగతి వినండి. ఆయనది బేస్‌బాల్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. 1971లో ఆ ఆట పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు. డిఫెన్స్ ఆటగాడికి ఆ అవార్డు రావడం అదే మొదటిసారి. మా వైకింగ్స్ టీముకి ఆడుతూనే యూనివర్సిటీ ఆఫ్ మిన్నెసోటాలో లా చదివి 1978లో డిగ్రీ తీసుకున్నాడు. ఆట మానేశాక రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసులో ఏళ్ల తరబడి పనిచేశాడు.

1992లో మా రాష్ట్ర సుప్రీంకోర్టు సీటుకి నిలబడదామంటే, గవర్నర్ అప్పటి జడ్జి పదవీకాలం పొడిగించి అసలు ఎన్నికే లేకుండా చేశాడు. పేజ్ కోర్టుకెక్కి గెలిచి, తర్వాత ఎన్నికలోనూ గెలిచాడు. ఆ బెంచి ఎక్కిన మొదటి నల్లజాతి జడ్జి. 2015లో డెబ్బై నిండి దిగిపోయేదాకా ఓటర్లు మళ్లీ మళ్లీ ఎన్నుకున్నారు. ఆట చూసి ఓటేసినవాళ్లు ఉండరా అంటే ఉంటారు. అయితే నష్టమేం జరిగింది?

నల్లకోటు:
మామయ్య గారూ, పేజ్ లాంటివాడు నూటికో కోటికో ఒకడు. ఆయన్ని చూపించి అందరికీ గేటు తెరవకండి. "ప్రెషర్ తట్టుకుంటాడు" అన్నారు కదా, షికాగో బేర్స్ ఫుట్‌బాల్ టీము కిక్కర్ బాబ్ థామస్ ఇలినాయ్ సుప్రీంకోర్టు జడ్జి అయ్యాడు. ఒక కాలమిస్టు రాతల మీద పరువునష్టం దావా వేస్తే 2006లో జ్యూరీ 70 లక్షల డాలర్లు ఇమ్మంది, చివరికి 30 లక్షలకి రాజీ. రాసింది అబద్ధమని జ్యూరీయే తేల్చింది కాబట్టి తప్పు పట్టను. ఆటగాళ్లకి చర్మం మందం అన్న నమ్మకం మాత్రం వదిలేయండి.

నా బాధ బంతితో కాదు, పాంప్లెట్‌తో. ఆ మూడు పాంప్లెట్ల డబ్బు ఎవరిది? వెస్ట్ వర్జీనియాలో ఒక బొగ్గు కంపెనీ ఐదు కోట్ల డాలర్ల కేసు ఓడిపోయింది. అప్పీలు వెళ్లేలోపు 2004 ఎన్నికలో దాని సీఈఓ తనకి నచ్చిన జడ్జిని గెలిపించడానికి 30 లక్షలు కుమ్మరించాడు. ఆ జడ్జి గెలిచి, అదే కేసులో కూర్చుని, 3-2తో కంపెనీ వైపు తీర్పులో చేయి వేశాడు. ఆయన తప్పుకోవాల్సిందని 2009లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది, అదీ 5-4తో! నలుగురు దానికి ఒప్పుకోలేదు.

ఎల్బీనగర్:
ఇక్కడ ఇండియాలో మనకి పాంప్లెట్ కూడా రాదు బాస్. సీనియర్ జడ్జీల కొలీజియం తలుపులేసుకుని ఎంచుకుంటుంది. మార్చుదామని తెచ్చిన జడ్జీల నియామక కమిషన్ ఎన్‌జేఏసీని 2015లో సుప్రీంకోర్టు 4-1తో కొట్టేసింది. మీకు కనీసం ఆయన ఎడమ మోకాలు ఎంత ఎత్తు లేస్తుందో తెలిసింది.

నల్లకోటు:
హహ, ఒప్పుకుంటా. అయినా విడాకులు, ఇంటి తగాదాలు, దొంగతనాలు, మనవాళ్లకి పడే ట్రాఫిక్ టికెట్లు దాదాపు అన్నీ వచ్చేది ఈ రాష్ట్ర కోర్టులకే. మనలో ఎక్కువమంది ఆ గుండ్రాలు ఖాళీగా వదిలేసి కవరు అంటిస్తారు.

థర్డ్‌అంపైర్:
పిచర్ల తరఫున ఒక్క మాట. 2026 నుంచి మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అంపైర్ చెప్పిన బాల్, స్ట్రైక్ మీద మెషిన్‌ని అడగొచ్చు. ఆ చాలెంజ్ హక్కు పిచర్, క్యాచర్, బ్యాటర్‌కే, టీముకి రెండే. తప్పుగా వాడితే పోతాయి. ఎప్పుడు అప్పీల్ చేయాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో వాళ్లకి తెలిసే ఉంటుందిలెండి.

గుత్తివంకాయ:
నిన్న రాత్రి కూర్చుని మా బార్ అసోసియేషన్ పెట్టిన రేటింగ్ చూశాను. ఇద్దరికీ "అర్హులు" అనే ఉంది. అయితే ఆ పాంప్లెట్ రాని ఆవిడ పన్నెండేళ్లు ఫ్యామిలీ కోర్టులోనే వాదించారట. నేను ఆవిడకి వేశాను. మా వారు పిచర్‌ని వదల్లేదు. మా ఇంటి లెక్క 1-1.

మిన్నెసోటా_మామయ్య:
కవరు మీద సంతకం పెట్టారా అమ్మా? పోయినసారి మా ఆవిడ మర్చిపోయింది.