ఆరో తరగతికి అసలు వాలీబాలా, తేలిక బంతా?

కోర్టుగీత: ఆరు, ఏడు తరగతులకి బంతి, నెట్, కోర్టు మూడూ మార్చాలని నేనంటాను. నిబంధనల ప్రకారం బంతి 260–280 గ్రాములు. పదకొండేళ్ల పిల్ల ముంజేతి మీద పడితే చురుక్కుమంటుంది. రెండో బంతి వచ్చేలోపే మోచేతులు ముడుస్తుంది, మొహం తిప్పేసుకుంటుంది. "చేతులు చాపు" అని ఎంత అరిస్తే ఏం లాభం, నొప్పి తగ్గాలి గానీ. జపాన్‌లో ప్రాథమిక పాఠశాల పిల్లల పోటీలకే 200–220 గ్రాముల బంతి, 2 మీటర్ల నెట్.

స్మాష్ సూరి: అలవాటు చెడుతుంది సార్. తేలిక బంతిని లేపాలని పిల్లలు చేతులు భుజాల పైదాకా ఊపుతారు. అదే ఊపు అసలు బంతికి ఇస్తే అది గోడ అవతలే. గాలి ఊదే పల్చటి ప్లాస్టిక్ బీచ్ బంతి సంగతి సరేసరి, కాస్త గాలి వీస్తే పిల్లవాడొకచోట, బంతి ఒకచోట. అసలు బంతిలోనే కొంచెం గాలి తీస్తే పోలా?

లిబెరో: గాలి తీస్తే మెత్తబడుతుంది గానీ బరువు ఒకటి రెండు గ్రాములకి మించి తగ్గదండి. లోపలి గాలి పీడనం చదరపు సెంటీమీటరుకి 0.30–0.325 కిలోలు ఉండాల్సింది బాగా పడిపోతే బంతి ముంజేతి మీద చతికిలబడుతుంది. లేపాలంటే మళ్లీ చేతులు ఊపాల్సిందే, మీరు వద్దంటున్నది అదే కదా! ఊపుకి కారణం చాలావరకు విసిరే దూరం. 3 మీటర్ల నుంచి కింది చేత్తో మెల్లగా విసరండి, మోకాళ్లు వంచి లేస్తూ తగిలిస్తే సరిపోతుంది. బీచ్ బంతి మొదటి పీరియడ్ వరకే, బంతి కిందికి పరిగెత్తడం అలవాటయ్యేందుకు.

నెట్ కట్టేవాణ్ణి: మీరంతా బంతి పట్టుకు వేలాడుతున్నారు. నెట్ 1.8 మీటర్లకి దించారంటే పాస్ నేర్చుకునేవాడే ఉండడు, ప్రతివాడూ స్మాషే, అదీ ఎదుటివాడి మొహం మీదికి. 140 సెంటీమీటర్ల పిల్లవాడు నిలబడి చెయ్యెత్తితే దాదాపు 180 అందుతుంది. అందుకే 2 మీటర్లు ఉంచాలి. 18×9 కోర్టుకి నిలువునా నడిమధ్య నైలాన్ తాడు లాగితే 6×9 కోర్టులు మూడు వస్తాయి, జట్టుకి నలుగురేసి చొప్పున 24 మంది ఆడొచ్చు. మిగతావాళ్లు గోడకి పాస్‌లు. అంత పొడవు తాడు నడుమ జారుతుంది కాబట్టి ప్రతి 6 మీటర్లకీ ఓ వెదురు గుంజ పెట్టి, ఎత్తు గుంజ దగ్గర కాకుండా ఒక్కో కోర్టు మధ్యలో కొలవాలి. అడుగుకొకటి పాత చున్నీ పేలిక కడితే తాడు కంటికి ఆనుతుంది.

స్మాష్ సూరి: నెట్ విషయంలో ఒప్పుకున్నా. తేలిక బంతికి మాత్రం గడువు ఉండాలి.

లిబెరో: తేదీ పెట్టి లాభం లేదు. 3 మీటర్ల నుంచి విసిరిన 10 బంతుల్లో 7 తల ఎత్తు దాటి లేచి, విసిరినవాడు కదలకుండా పట్టుకునేలా వస్తే అసలు బంతి ఇచ్చేయండి. ఎవరికి వస్తే వాళ్లకి, క్లాసంతా ఒకేరోజు కాదు. పైతోలు లేచిపోయిన పాత బంతిని తేలిక బంతి కింద జమకట్టకండి, నీళ్లు పీల్చిందంటే కొత్తదానికంటే బరువు.

స్మాష్ సూరి: సర్వీస్ అయినా మొదటిరోజు నుంచీ అసలు బంతితోనే ఉండాలి. 4.5 మీటర్ల నుంచి అండర్ హ్యాండ్, అరచేతి కింది భాగంతో కొట్టేదానికి నొప్పేముంది?

కోర్టుగీత: కొట్టేవాడికి లేదు సరే, తీసుకునేవాడికో?

స్మాష్ సూరి: మొదటి రెండు వారాలు వాడు పట్టుకుని, పైకి విసురుకుని ఫింగర్ పాస్ (తల పైన వేళ్లతో నెట్టే పాస్) ఇస్తాడు. ఆ ఒక్క రూల్ మార్చుకోండి, బంతి జోలికి రావద్దు.