అప్‌డేట్: ఆరో తరగతి ఎలక్టివ్, బ్యాండా స్పానిషా? తేలిపోయింది

మా అమ్మాయి ఆరో తరగతిలో ఎలక్టివ్‌గా, అంటే మనమే ఎంచుకునే క్లాసుగా, బ్యాండ్ (వాయిద్యాలు నేర్పే క్లాసు) తీసుకోవాలా, స్పానిష్ తీసుకోవాలా అని ఇక్కడ అడిగాను. రెండూ ఏడాది పొడవునా సాగే క్లాసులు, ఖాళీగా ఉన్నది ఒక్క పీరియడ్. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

"క్లాసులు ఎంచుకునే ఫారం నింపేముందు స్కూల్ కౌన్సెలర్‌ని కలిసి, ఏది తర్వాత మొదలుపెట్టొచ్చో అడగండి" అన్న సలహా పనిచేసింది. ఈ స్కూల్లో వాయిద్యం కొత్తగా నేర్చుకునేవాళ్లకి బ్యాచ్ ఆరులో మాత్రమే ఉంటుందట. ఏడు, ఎనిమిదిలో చేరాలంటే అప్పటికే వాయించడం వచ్చి ఉండాలి. స్పానిష్ అలా కాదు, ఏడులో అయినా హైస్కూల్లో అయినా మొదటి లెవెల్ నుంచి మొదలుపెట్టొచ్చు. అది విన్నాక ఇంక టెన్షన్ లేదు. బ్యాండే పెట్టాం, సీటు వచ్చింది. క్లారినెట్ నేర్చుకుంటోంది, ఇంట్లో చెప్పకుండానే ప్రాక్టీస్‌కి కూర్చుంటోంది. నాకు అన్నిటికన్నా అదే సంతోషం.

వాయిద్యం కొనాలేమో అన్న బెంగ అనవసరం, స్కూలే ఇచ్చింది. స్నేహితులు ఏం తీసుకుంటున్నారన్నదీ లెక్కలోకి రాలేదు, ఎలక్టివ్ క్లాసులో అన్ని సెక్షన్ల పిల్లలూ కలుస్తారు.

ఫారంలో రెండో, మూడో ఆప్షన్లు కూడా ఆలోచించి రాయండి. క్లాసు నిండిపోతే వాటిలోంచే ఇస్తారు, మా అమ్మాయి స్నేహితురాలికి అలాగే మూడోది వచ్చింది.