పొయ్యికీ గీజర్‌కీ కారుకీ టచ్ ప్యానెల్ ఎందుకు? బటన్లు ఉంచాలా, తీసేయాలా?

సీతమ్మధార పాఠకురాలు:

ఈ మధ్య మన విశాఖలో డాబాగార్డెన్స్‌లో గానీ గాజువాకలో గానీ ఏ షోరూమ్‌కి వెళ్లినా ఒకటే తీరు. ఇండక్షన్ పొయ్యి, చిమ్నీ, వాషింగ్ మెషీన్, గీజర్, అన్నీ నున్నటి గాజు పలకలతో మెరిసిపోతున్నాయి. తిప్పే నాబ్, నొక్కితే టక్కుమనే బటన్ ఉన్నవి అడిగితే "అది పాత మోడల్ మేడమ్" అంటూ వెనక వరసలోంచి తీసి చూపిస్తున్నారు. కొత్త డిజైన్ అంటే బటన్ లేకపోవడమేనా? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కంటితో చూడకుండా చేత్తో చేసే పనికి టచ్ ప్యానెల్ పనికిరాదు.

మా అమ్మ పోపు పెట్టేటప్పుడు చూస్తుంటాను. ఆవాలు చిటపటలాడగానే మంట తగ్గించాలి, లేకపోతే ఎండుమిర్చి మాడిపోతుంది. గ్యాస్ పొయ్యి దగ్గర ఆవిడ కళ్లు మూకుడు మీదే ఉంటాయి, చెయ్యి తనంతట తనే నాబ్ మీదకి వెళ్తుంది. ఎంత తిప్పితే ఎంత తగ్గుతుందో వేళ్లకి తెలుసు. ఇండక్షన్ దగ్గర అలా కుదరదు. తల తిప్పి మైనస్ గుర్తు ఎక్కడుందో వెతకాలి, చింతపండు పిసికిన చెయ్యి తుడుచుకోవాలి, 1600 నుంచి 400కి రావడానికి ఒక్కో మెట్టూ నొక్కుకుంటూ పోవాలి. ఈలోపు పోపు నల్లబడుతుంది.

గాజు కింద ఉండే సెన్సర్‌కి మన వేలి ఒత్తిడితో పని లేదు. వేలు దగ్గరకి రాగానే అక్కడి విద్యుదావేశంలో వచ్చే చిన్న తేడాని కొలుస్తుంది, అంతే. నీళ్లు పడినా అలాంటి తేడానే వస్తుంది. అందుకే తడి వేలికి సరిగ్గా పలకదు, గంజి పొంగి ప్యానెల్ మీద పడితే బీప్ బీప్ అంటూ దానంతటదే ఆగిపోతుంది. వంటింట్లో పొడి చేతులతో ఎంతసేపుంటాం చెప్పండి?

గాజువాక రిపేర్ షాప్:

మేడమ్, మీ మాట కొంతవరకే ఒప్పుకుంటాను. నేను రోజూ విప్పేది ఈ మెషీన్లనే. మన ఊరు సముద్రం ఒడ్డున ఉందని మర్చిపోకండి. నాబ్ ఉందంటే దాని చుట్టూ సందు ఉంటుంది, సందు ఉంటే ఉప్పుగాలి దూరుతుంది. బీచ్ రోడ్డు వైపు నుంచి, పెదజాలారిపేట నుంచి వచ్చే మెషీన్లలో రోటరీ స్విచ్ విప్పితే కాంటాక్టులు పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. బాల్కనీలో పెట్టిన మెషీన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. వానజల్లు కొట్టి బటన్ లోపలికి నీళ్లు దిగితే ఒక ప్రోగ్రామ్ నొక్కితే ఇంకోటి మొదలవుతుంది. గాజు ప్యానెల్‌కి సందే లేదు. తుడిస్తే శుభ్రం.

పాతదంతా గట్టిది, కొత్తదంతా నాసిరకం అన్న మాట రిపేర్ చేసేవాళ్లకి నప్పదండి. అయితే ఒకటి నిజం. పాత స్విచ్ పోతే ఆ ఒక్కటీ మార్చి పంపేవాణ్ని. ఇప్పుడు ఒక్క టచ్ పాయింట్ చచ్చిపోయినా బోర్డు మొత్తం మార్చాలి. ఆ రేటు వినగానే కస్టమర్ ముఖం మారిపోతుంది.

మధురవాడ డిజైనర్:

నా ఉద్యోగమే యాప్‌ల స్క్రీన్లు గీయడం కాబట్టి రెండో వైపు నేను చెప్పాలి.

బటన్ మీద ఏం ముద్రించి ఉంటుంది? ఫ్యాక్టరీలో అచ్చేసిన ఇంగ్లిష్. మా అత్తయ్యగారింట్లో వాషింగ్ మెషీన్ డయల్ చుట్టూ ఎన్నో పేర్లున్నాయి, ఆవిడ ఒకటే వాడతారు. మిగతావి ఏమిటో చదవలేరు. బటన్ మీది అక్షరం మారదు, స్క్రీన్ మీదిది మారుతుంది. తెలుగులో చూపించవచ్చు, చూపు తగ్గినవాళ్లకి పెద్దది చేయవచ్చు. ఫోన్ల సంగతే చూడండి. పాత నంబర్ల కీప్యాడ్ మీద ఒక ఒత్తు కొట్టాలంటే ఎన్నిసార్లు నొక్కేవాళ్లం? ఇంతమంది ఇంత తేలిగ్గా తెలుగులో రాసుకుంటున్నారంటే కీబోర్డు గాజు మీదకి రావడమే పెద్ద కారణం.

కార్ల గురించి ఎవరైనా స్వీడన్ పరీక్ష ఎత్తుతారని తెలుసు, నేనే చెప్తాను. వీ బిలాగరె అనే పత్రిక 2022లో గంటకి 110 కిలోమీటర్ల వేగంలో డ్రైవర్లకి నాలుగు చిన్న పనులు ఇచ్చింది. 2005 నాటి బటన్ల వోల్వోలో అన్నీ 10 సెకన్లలో అయిపోయాయి. ఒక కొత్త విద్యుత్ కారులో 44.6 సెకన్లు పట్టింది. అందరూ ఈ రెండు అంకెలే చెప్పి ఆపేస్తారు. అదే పరీక్షలో టచ్ స్క్రీన్ ఉన్న రెండు కార్లు 14 సెకన్ల లోపే పని ముగించాయి. కాబట్టి సమస్యంతా గాజుదే కాదు. కావలసినదాన్ని మూడు మెనూల కింద దాచేసే డిజైన్‌ది కూడా. మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ 1954లోనే తేల్చాడు: గురి ఎంత చిన్నదైతే, ఎంత దూరమైతే, చెయ్యి చేరడానికి అంత సమయం పడుతుంది. ఆ లెక్క బటన్‌కీ వర్తిస్తుంది, స్క్రీన్‌కీ వర్తిస్తుంది.

మాజీ నావికుడు:

డిజైనర్ గారూ, 14 సెకన్లు కూడా 10 కన్నా ఎక్కువే కదా. 110 వేగంలో ఆ నాలుగు సెకన్లలో బండి నూట ఇరవై మీటర్లు పోతుంది. యూరప్‌లో కార్ల భద్రతకి స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ ఊరికే మనసు మార్చుకోలేదు. 2026 నుంచి ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్లు, అత్యవసర కాల్, ఈ ఐదింటికీ చేతికి తగిలే కంట్రోల్ లేకపోతే పూర్తి మార్కులు రావు. ఫోక్స్‌వ్యాగన్ కూడా సౌండుకి, ఏసీకి బటన్లు తిరిగి పెడతామని ప్రకటించింది.

ఇది నావికాదళం ఊరు కాబట్టి సముద్రం మీది సంగతి ఒకటి చెప్పాలి. 2017 ఆగస్టు 21 తెల్లవారుజామున సింగపూర్ దగ్గర అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్ మెకెయిన్ ఒక ట్యాంకర్‌ని ఢీకొంది. 10 మంది నావికులు చనిపోయారు. ఆ నౌకలో రెండు ప్రొపెల్లర్ల వేగాన్ని టచ్ స్క్రీన్ మీద మారుస్తారు. బ్రిడ్జి (నౌకని నడిపే గది)లో కంట్రోల్‌ని ఒక డెస్క్ నుంచి ఇంకో డెస్క్‌కి మార్చే గందరగోళంలో రెండు ప్రొపెల్లర్లూ కలిపి కాకుండా విడివిడిగా కంట్రోల్ అయ్యే స్థితికి వెళ్లాయి. ఒక వైపే వేగం తగ్గింది, నౌక పక్కకి తిరిగిపోయింది. బ్రిడ్జి మీద ఉన్నవాళ్లు స్టీరింగే పోయిందనుకున్నారు. చేతితో పట్టుకునే రెండు లీవర్లు ఉండి ఉంటే ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి ఉన్నట్టు చూడగానే తెలిసేది, పట్టుకుంటే ఇంకా ముందే తెలిసేది. 2019లో అమెరికా నేవీ తన డిస్ట్రాయర్లలో లీవర్లు తిరిగి పెడతామని చెప్పింది.

ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్లినవాళ్లు ఆ చక్రాలు, వాల్వులు, హ్యాండిళ్ల గుంపు చూసే ఉంటారు. 1969లో మన నేవీలో చేరిన నౌక అది. చూడ్డానికి గజిబిజిగా ఉంటుంది గానీ, ఏది ఎక్కడుందో చేతికి అలవాటైపోతే చీకట్లో కూడా పట్టుకోవచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో బీ-17 బాంబర్ల పైలట్లు నేల మీద దిగాక రెక్కల వెనక అంచున కదిలే పలకల్ని (ఫ్లాప్స్) ఎత్తబోయి చక్రాలు మడిచేసేవారు. రెండు స్విచ్‌లూ ఒకేలా, పక్కపక్కనే ఉండేవి. ఆల్ఫోన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చక్రాల కంట్రోల్‌కి చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్స్ కంట్రోల్‌కి రెక్క ఆకారపు ముక్క తగిలించాడు. తడమగానే తేడా తెలిసేది, ఆ పొరపాటు ఆగిపోయింది. నా దృష్టిలో కొత్త ఆలోచన అంటే అది.

మధురవాడ డిజైనర్:

మెకెయిన్ విషయంలో ఒక్క సవరణ, సార్. దర్యాప్తు చేసిన అమెరికా రవాణా భద్రతా బోర్డు ప్రధాన కారణంగా చెప్పింది పర్యవేక్షణ లోపం, దానివల్ల శిక్షణ చాలకపోవడం. టచ్ స్క్రీన్ డిజైన్ అందుకు తోడైంది. ఆ పదిమంది ప్రాణాల్ని గాజు ఒక్కదాని ఖాతాలో వేయలేం.

మాజీ నావికుడు:

తోడైందన్నా చాలు. శిక్షణ తక్కువైన రోజున కూడా మనిషిని కాపాడేలా ఉండాలి కంట్రోల్. అందరికీ శిక్షణ ఇచ్చి పంపుతామంటే వంటింట్లో ఎవరిస్తారు?

కంచరపాలెం టీచర్:

నాకు చూపు లేదు. ఈ చర్చని ఫోన్ చదివి వినిపిస్తుంటే విన్నాను, చెప్పి రాయిస్తున్నాను. కాబట్టి గాజు మీద నాకు పగ లేదు. టాక్‌బ్యాక్ వచ్చాక వేలు జరుపుతుంటే కింద ఏముందో ఫోన్ చెప్తుంది, రెండుసార్లు తడితేనే తెరుస్తుంది. బ్యాంకు పని, బస్సు టికెట్, కరెంటు బిల్లు నేనే చేసుకుంటున్నాను. పాత బటన్ ఫోన్‌తో ఇవేవీ కుదరలేదు.

కానీ ఇండక్షన్ పొయ్యి మాట్లాడదు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది, చూపున్నవాళ్లకి ఇది తట్టదు. బటన్లనైతే ముందు తడిమి వెతికి, తర్వాత నొక్కుతాను. ఈ గాజు మీద తడమడమే నొక్కడం. ఆఫ్ ఎక్కడుందా అని వెతికేలోపు టైమర్ మొదలవుతుంది, వేడి పెరుగుతుంది. నా చెల్లెలు పాయింట్ల పక్కన చిన్న రబ్బరు చుక్కలు అంటించి ఇచ్చింది కాబట్టి ఏదో నెట్టుకొస్తున్నాను.

మన ఓటింగ్ యంత్రాన్ని చూడండి. పార్టీల వాదన వద్దు, కేవలం డిజైన్ చూడండి. ఒక పేరు, ఒక గుర్తు, దాని ఎదురుగా ఒక నీలం బటన్, పక్కనే బ్రెయిలీ అంకె. నొక్కగానే ఎర్ర లైటు, 7 సెకన్లు కనిపించే స్లిప్పు, పొడుగు బీప్. చదువు రానివాళ్లూ, నాలాంటివాళ్లూ అదే యంత్రం వాడతారు. హైదరాబాద్‌లో ఈసీఐఎల్, బెంగళూరులో బీఈఎల్ తయారు చేస్తాయి. ఇది చేయగలిగిన దేశానికి పొయ్యి మీద నాలుగు ఉబ్బెత్తు గీతలు పెట్టడం చేతకాదా? 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆ తీర్పు ఆన్‌లైన్‌లో గుర్తింపు రుజువు చేసుకునే ఈ-కేవైసీ గురించి, నిజమే. వంటింటి దాకా రావాలని నేను అడుగుతున్నాను.

పూర్ణా మార్కెట్ కుర్రోడు:

మీ చర్చలో మా సౌండ్‌బాక్స్ రాలేదేటండి? మా అమ్మ చేపలమ్ముతుంది. చేతులు ఎప్పుడూ తడే, ఫోన్ ముట్టుకోదు. పెట్టె తెలుగులో "రెండువందల రూపాయలు అందాయి" అని చెప్తే కవర్లో చేపలేసి ఇచ్చేస్తుంది. గాజు లేదు, బటన్‌తో పనే లేదు. పాత స్క్రీన్‌షాట్ చూపించి మోసం చేద్దామన్నా కుదరదు.

సీతమ్మధార పాఠకురాలు:

తమ్ముడూ, ఇక్కడ చెప్పినవాటన్నిటిలో నాకు బాగా నచ్చింది నీ ఉదాహరణే. మీ అమ్మగారి పని ఎలా సాగుతుందో చూసి తయారుచేసినట్టుంది ఆ పెట్టె.

టీచర్ గారు చెప్పింది విన్నాక నా ప్రశ్న కాస్త మార్చి అడుగుతాను. వాషింగ్ మెషీన్ ప్రోగ్రామ్ ఎంచుకోవడం లాంటివి తీరిగ్గా చదివి చేసే పనులు, అవి స్క్రీన్ మీద తెలుగులో ఉంటే నాకు సంతోషమే. కానీ ఆపడం, వేడి పెంచడం తగ్గించడం, ఈ రెండూ తప్పకుండా చేతికి తగలాలి. ఇంకో మాట. కరెంటు పోయి వస్తే పాత ఫ్యాన్ రెగ్యులేటర్ మూడు మీద ఉంటే మూడు మీదే ఉంటుంది. మా కొత్త ఫ్యాన్ మాత్రం కరెంటు వచ్చాక ఆగే ఉంటుంది. అర్ధరాత్రి చెమటలతో లేచి రిమోట్ వెతుక్కోవాలి. నాబ్ తను ఎక్కడుందో తనే గుర్తుపెట్టుకుంటుంది, దానికి వేరే చిప్పు అక్కర్లేదు. డిజైనర్ గారూ, దీనికేమంటారు?

మధురవాడ డిజైనర్:

ఆపే బటన్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. వేడి విషయంలో మధ్యేమార్గం ఒకటి ఇప్పటికే ఉంది. కొన్ని విదేశీ ఇండక్షన్ పొయ్యిల మీద గాజుకి అయస్కాంతంతో అతుక్కునే నాబ్ వస్తుంది. తిప్పితే వేడి మారుతుంది, తీసి పక్కన పెట్టి గాజు తుడుచుకోవచ్చు. కింద రంధ్రం లేదు, కాబట్టి గాజువాక అన్న చెప్పిన ఉప్పుగాలి బెడదా ఉండదు. ధరే ఎక్కువ.

కంపెనీలు బటన్ తీసేది అందం కోసమే కాదు, అది కూడా చెప్పాలి. ఒకే గాజు ప్యానెల్ పది మోడళ్లకి వాడుకోవచ్చు, నాబ్ అయితే ఒక్కోదానికి అచ్చు, స్ప్రింగు, బిగింపు అన్నీ వేరు. ఆ ఖర్చు మిగులుతుంది. మిగిలిన ఖర్చు మన బిల్లులో తగ్గుతోందా అంటే, నాకైతే కనిపించలేదు.

గాజువాక రిపేర్ షాప్:

అయస్కాంతం నాబ్ ఆలోచన మంచిదే. అయితే తీసి పెట్టేది పిల్లల చేతిలో పడితే మాయమవుతుంది. విడిగా దొరక్కపోతే పొయ్యి మొత్తం అటకెక్కుతుంది. కేంద్రం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ (బాగుచేయించుకునే హక్కు) పోర్టల్ పెట్టింది. అలాంటి చోట నాబ్ రేటు, బోర్డు రేటు, ఎన్నాళ్లు దొరుకుతుందో మోడల్ వారీగా రాసి పెట్టించాలి. బటనా గాజా అన్న పోట్లాట కన్నా నాకు కావలసింది ఇది.

ఎంవీపీ కాలనీ గృహిణి:

ఇదంతా చదివాను. వచ్చే వారం పొయ్యి కొనాలి. షాపులో ఏం చూడమంటారు?

కంచరపాలెం టీచర్:

ప్లగ్ పెట్టించి, గిన్నెలో నీళ్లు పోసి ఆన్ చేయించండమ్మా. వేలు తడిపి ఆపి చూడండి. తర్వాత కళ్లు మూసుకుని ఆపి చూడండి. చైల్డ్ లాక్ పడినప్పుడు కూడా ఆఫ్ పనిచేస్తుందో లేదో అడగండి. మాటల్తో చెప్తే ఊరుకోకండి, చేసి చూపించమనండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లనే తీసుకెళ్లి నొక్కించండి. ప్లగ్ పెట్టి చూపించడం కుదరదంటే ఆ షాపులో కొనకండి.