వర్చువల్ డిస్క్ డిలీట్ కొట్టినా లిస్టులోంచి పోవట్లేదు, కొత్తది ఎలా చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. డెల్ సర్వర్, పెర్క్ కంట్రోలర్ (డిస్కుల్ని కలిపి నడిపే డెల్ కార్డు). రెండు ఎస్‌ఎస్‌డీల మీద రెయిడ్ 1 ఉంది (రెయిడ్ అంటే కొన్ని డిస్కుల్ని కలిపి ఒకే వర్చువల్ డిస్కుగా వాడే పద్ధతి), అందులో లినక్స్. నాలుగు 4 టీబీ హార్డ్ డిస్కుల మీద రెయిడ్ 5, అందులో డేటా. ఈ రెయిడ్ 5 తీసేసి అవే డిస్కులతో రెయిడ్ 6 గానీ 10 గానీ చేద్దామని. బ్యాకప్ తీసుకున్నా. ఐడ్రాక్‌లో (సర్వర్‌ని దూరం నుంచి నడిపే డెల్ పేజీ) డిలీట్ కొట్టి అరగంటైంది, ఇంకా అలాగే కనిపిస్తోంది, కొత్తది చేద్దామంటే ఖాళీ డిస్కులు లేవంటోంది. మళ్లీ ఏదైనా నొక్కితే ఓఎస్ ఉన్నది పోతుందేమోనని భయంగా ఉంది.

జవాబు 1:
అది ఇంకా డిలీట్ అవలేదు బ్రో, పెండింగ్ ఆపరేషన్స్‌లో కూర్చుని ఉంటుంది, అక్కడికెళ్లి అప్లై ఇస్తేనే జాబ్ (కంట్రోలర్ చేయాల్సిన పని) తయారవుతుంది, అది జాబ్ క్యూలో కనిపిస్తుంది. పెర్క్ 9 నుంచి రీబూట్ లేకుండానే అయిపోతుంది, అంతకంటే పాతదైతే రీబూట్ అయినప్పుడే. అప్లై కొట్టేముందు పేరొక్కటే చూసి వదిలేయకు, సైజు, రెయిడ్ లెవెల్, కింద ఏ స్లాట్ల డిస్కులున్నాయో అన్నీ చూసుకో. తప్పుదైతే పెండింగ్‌లో ఉండగానే డిస్కార్డ్ చేయొచ్చు.

జవాబు 2:
ఆగండి, ముందు ఓఎస్ వైపు పని ఉంది. ఆ రెయిడ్ 5 డిస్కుని అన్‌మౌంట్ చేసి ఎఫ్‌స్టాబ్‌లో (బూట్‌లో ఏ డిస్కులు మౌంట్ చేయాలో లినక్స్‌కి చెప్పే ఫైల్) దాని లైన్ తీసేయండి, ఎల్‌వీఎం (డిస్కుల్ని గ్రూపులుగా కలిపి పంచే లినక్స్ పద్ధతి) ఉంటే వాల్యూమ్ గ్రూపు కూడా. ఆ లైన్ మర్చిపోతే తర్వాతి రీబూట్‌లో డిస్క్ దొరక్క ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది, నాకు అదే జరిగింది, డిస్కులే పోయాయనుకుని రాత్రంతా కంట్రోలర్ లాగ్‌లు తిరగేశా. కొత్తదాన్ని యూయూఐడీతోనే (మారని గుర్తింపు నంబర్) మౌంట్ చేయండి, లినక్స్ డిస్కులకిచ్చే ఎస్‌డీబీ లాంటి పేర్లు మారిపోతుంటాయి.

ప్రశ్న అడిగినవారు:
నిజమే, పెండింగ్‌లోనే ఉంది. ఎఫ్‌స్టాబ్ సరిచేసి అప్లై ఇచ్చా, జాబ్ పూర్తయింది, నాలుగు డిస్కులూ రెడీ అని చూపిస్తున్నాయి. మరి 6 ఆ, 10 ఆ? దాని మీద వర్చువల్ మెషీన్లు పెడతాం.

జవాబు 3:
నాలుగు డిస్కులతో రెండింటికీ 8 టీబీయే వస్తుంది. రెయిడ్ 6లో ఏ రెండు పోయినా తట్టుకుంటుంది, 10లో ఒకే మిర్రర్ జతలోవి (ఒకే డేటా కాపీలున్న రెండు డిస్కులు) రెండూ పోతే మొత్తం పోయినట్టే. కానీ చిన్న రైట్ ఒక్కటి చేయాలంటే 6లో డేటా, రెండు పారిటీలు (పోయిన డేటాని తిరిగి లెక్కకట్టడానికి దాచేవి) చదివి మళ్లీ మూడూ రాయాలి, అంటే 6 ఆపరేషన్లు, 10లో అయితే 2 చాలు. వర్చువల్ మెషీన్లకి నేనైతే 10 చేస్తా. రైట్ పాలసీ రైట్ బ్యాక్ (ముందు కంట్రోలర్ క్యాష్‌లో రాసి తర్వాత డిస్కులకి పంపేది) పెట్టండి, ఫోర్స్ రైట్ బ్యాక్ (బ్యాటరీ లేకున్నా అలాగే చేసేది) మాత్రం వద్దు, బ్యాటరీ పోయి ఉన్నప్పుడు కరెంటు పోతే క్యాష్‌లో ఉన్నదంతా గల్లంతే.

జవాబు 1:
ఇనిషియలైజ్ (కొత్త వర్చువల్ డిస్కుని చెరిపి సిద్ధం చేయడం) గురించి కూడా చెప్తా. వర్చువల్ డిస్క్ డిలీట్ చేస్తే పోయేది కాన్ఫిగరేషనే, డేటా డిస్కుల మీదే ఉంటుంది. పొరపాటున వేరేది డిలీట్ అయినా కంగారుపడి ఏమీ రాయకండి, అదే లెవెల్, అదే స్ట్రైప్ సైజు (ఒక్కో డిస్కు మీద వరసగా రాసే ముక్క సైజు), అదే డిస్కుల వరసతో మళ్లీ క్రియేట్ చేసి ఇనిషియలైజ్ చేయకుండా వదిలేస్తే చాలాసార్లు డేటా తిరిగొస్తుంది. మీకు ఇప్పుడు పాత డేటా అక్కర్లేదు కాబట్టి ఫాస్ట్ ఇనిషియలైజ్ పెట్టుకోండి, పాత పార్టిషన్ టేబుల్ (డిస్కుని ఎలా భాగాలు చేశారో చెప్పే పట్టిక) పోతుంది.

ప్రశ్న అడిగినవారు:
రెయిడ్ 10, ఫాస్ట్ ఇనిషియలైజ్ ఇచ్చా, ఈసారి అప్లై మర్చిపోలేదు. లినక్స్‌లో 8 టీబీ కనిపిస్తోంది. బ్యాకప్ నుంచి రిస్టోర్ మొదలుపెట్టా, అందరికీ చాలా థ్యాంక్స్.