చార్లెస్ కొరియా ఇళ్ల పద్ధతి విశాఖ తీరానికి పనికివస్తుందా?

ప్రశ్న (మధురవాడ నుంచి)

నమస్కారం. మధురవాడలో మాకున్న 200 గజాల తూర్పు ముఖం స్థలంలో రెండంతస్తుల ఇల్లు కట్టుకోవాలనుకుంటున్నాము. ప్రసిద్ధ ఆర్కిటెక్టు చార్లెస్ కొరియా 1930లో సికింద్రాబాదులోనే పుట్టారని తెలిశాక, ఆయన కట్టడాల గురించి ఆసక్తిగా చదవడం మొదలుపెట్టాను. 1960ల తొలినాళ్లలో అహ్మదాబాదులో ఆయన కట్టిన ట్యూబ్ హౌస్ నాకు ఎంతో నచ్చింది. 12 అడుగుల వెడల్పు మాత్రమే ఉన్న ఆ ఇంట్లో వేడెక్కిన గాలి వాలుకప్పు వెంట పైకెక్కి, కొన దగ్గర వదిలిన సందులోంచి బయటికి వెళ్లిపోయేదట. మా ఇంటికీ అలాగే చేయమని అడిగితే మా ఇంజనీరు గారు నవ్వి ఊరుకున్నారు. ఆ పద్ధతి ఇక్కడ నిజంగానే పనిచేయదా?

జవాబు (ఆర్కిటెక్టు, పెదవాల్తేరు)

పూర్తిగా పనిచేయదని కాదు గానీ, దాని మీదే ఆధారపడితే మే నెలలో మీరు ఇబ్బంది పడతారు. అహ్మదాబాదుది పొడి వేడి. అక్కడ ఎండను బయటే ఆపి, లోపలి వేడిని పైనుంచి పంపేస్తే సగం సమస్య తీరుతుంది. మనల్ని వేధించేది ఉక్కపోత. ఒంటికి గాలి తగిలితే తప్ప చెమట ఆరదు కాబట్టి, కప్పు దగ్గర గాలి కదిలినంత మాత్రాన కింద కూర్చున్న మనిషికి పెద్దగా ఒరిగేదేమీ లేదు. మంచం ఎత్తులో ఒకవైపు నుంచి వచ్చిన గాలి ఎదురు కిటికీ గుండా బయటికి పోవాలి.

నన్నడిగితే మీరు చూడవలసింది ట్యూబ్ హౌస్ కాదు, 1983లో ముంబైలో పూర్తయిన కాంచన్‌జంగా అపార్ట్‌మెంట్లు. 32 ఫ్లాట్ల ఆ భవనానికి చల్లగాలి, సముద్ర దృశ్యం వచ్చేది పడమటి నుంచే. సాయంత్రపు ఎండ, వానజల్లు కొట్టేదీ ఆ వైపు నుంచే. కిటికీలు తెరిస్తే ఒక బాధ, మూస్తే ఒక బాధ. పాత బంగళాల చుట్టూ ఉండే వరండాను గుర్తుచేసుకుని, కొరియా గారు మూలల్లో రెండంతస్తుల ఎత్తున లోతైన తోట వరండాలు పెట్టారు. ఎండా వానా వాటిలోనే ఆగిపోతాయి, గాలి మాత్రం లోపలికి వస్తుంది.

మనకు సముద్రం ఆగ్నేయాన ఉంది కనుక మీ తూర్పు ముఖం స్థలానికి ఇదే తగాదా మరో దిక్కు నుంచి వస్తుంది. బట్టలారేయడానికి తప్ప పనికిరాని మూడడుగుల బాల్కనీలు రెండు మానేసి, ఆగ్నేయ మూలన కనీసం ఎనిమిదడుగుల లోతున్న ఒకే వరండా పెట్టుకోండి. మండువా జోలికి మాత్రం పోకండి. సెట్‌బ్యాకులు (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) పోగా మిగిలిన స్థలంలో అది పెడితే గదులు అగ్గిపెట్టెలవుతాయి.

జవాబు (సైట్ ఇంజనీరు, గాజువాక)

పై సలహా బాగుంది. అయితే కొరియా గారి కట్టడాల ఫొటోలు చూసి, డాబా మీద ప్లాస్టరింగ్ లేని సన్నని కాంక్రీటు పందిరి కూడా అడుగుతారేమోనని ముందే చెబుతున్నాను. మన ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, కాంక్రీటు పెచ్చులూడుతుంది. తీరప్రాంత గాలికి నేరుగా గురయ్యే కాంక్రీటుకు కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కనీసం ఎం30 గ్రేడు (కాంక్రీటు బలాన్ని తెలిపే కొలత), ఇనుము మీద 45 మిల్లీమీటర్ల కవర్, అంటే చువ్వలను కప్పే కాంక్రీటు మందం, ఉండాలి. సెంట్రింగ్ మీద చువ్వలు కట్టాక కవర్ బిళ్లల మందాన్ని టేపు పెట్టి మీరే కొలవండి, మేస్త్రీ మాట మీద వదిలేయకండి. అంత కవర్ ఇచ్చాక ఆ పందిరి ఎలాగూ సన్నగా ఉండదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. వరండా వైపు గోడంతా అద్దాలు పెట్టమని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. 2014లో హుద్‌హుద్ తుపాను చూసినవాళ్లం, మాకు భయంగా ఉంది.

జవాబు (ఆర్కిటెక్టు, పెదవాల్తేరు)

మీ భయం సబబే. 1963లో ప్రారంభమైన సబర్మతి ఆశ్రమంలోని గాంధీ స్మారక సంగ్రహాలయంలో కొరియా గారు కిటికీలకు అద్దమే వాడలేదు; వెలుతురును, గాలిని సర్దుకోవడానికి తెరిచి మూసే చెక్క పలకలు పెట్టారు. మీరు వరండా వైపు టేకు పలకల తలుపులు, వాటి లోపలివైపు దోమతెర పెట్టించండి. అబ్బాయి కోరిన అద్దాన్ని వానజల్లు నేరుగా కొట్టని ఉత్తరపు గోడకు, చిన్న చిన్న చట్రాల్లో బిగించవచ్చు.