ఐదో సెమిస్టర్‌లో ఎకనోమెట్రిక్స్ పెట్టుకోవాలా, వద్దా?

గాజువాక_పిల్ల:
బీఏ ఎకనామిక్స్ మూడో ఏడాదిలోకి వచ్చాను. ఐదో సెమ్‌కి ఎలెక్టివ్ ఎంచుకుని ఫారం ఇవ్వాలి, శుక్రవారమే ఆఖరు. మూడు ఉన్నాయి: ఎకనోమెట్రిక్స్ (ఆర్థిక విషయాల్ని గణాంకాలతో తేల్చే పేపర్), పర్యావరణ ఆర్థికశాస్త్రం, పబ్లిక్ ఫైనాన్స్ (ప్రభుత్వ ఆదాయ వ్యయాలు). ఇంటర్ సీఈసీ, అంటే నా లెక్కలు పదో తరగతితో ఆగిపోయాయి. స్టాటిస్టిక్స్ పేపర్ మాత్రం బాగానే రాశాను. ఎంఏకి బయటికి వెళ్లాలని నాకుంది, గ్రూప్-2 రాయమని ఇంట్లో అంటున్నారు. ఏది పెట్టమంటారు?

ద్వారకానగర్_రీడింగ్‌రూమ్:
పబ్లిక్ ఫైనాన్స్. ఇందులో ఆలోచించడానికి ఏముంది చెల్లీ. గ్రూప్-2 మెయిన్స్ రెండో పేపర్‌లో 150కి 75 మార్కులు భారత, ఆంధ్రప్రదేశ్ ఆర్థిక వ్యవస్థలవే. ఆర్థిక సంఘం, జీఎస్టీ, ద్రవ్య లోటు ఇవన్నీ ఎలాగూ చదవాలి, కాలేజీలోనే చదివేస్తే కోచింగ్‌లో ఆ భాగం తేలికైపోతుంది. పౌర గ్రంథాలయంలో నా చుట్టూ కూర్చునేవాళ్లెవరూ హెటెరోస్కెడాస్టిసిటీ లాంటి ఎకనోమెట్రిక్స్ పాఠాలు చదవడం నేనైతే చూడలేదు.

వన్‌టౌన్_వాడు:
ఆ మాట పలకడానికే ఒక సెమిస్టర్ పడుతుంది గురూ.

లెక్కల_మావయ్య:
అమ్మా, వీళ్ల మాట వినకు. ఎంఏకి బయటికి అంటున్నావు కాబట్టి చెబుతున్నా. ఐఐటీలవాళ్ల పీజీ ప్రవేశ పరీక్ష జామ్‌లో 2021 నుంచి ఎకనామిక్స్ పేపర్ ఉంది. అందులో ఐదు భాగాలు: మైక్రో, మాక్రో, స్టాటిస్టిక్స్, భారత ఆర్థిక వ్యవస్థ, మ్యాథమెటిక్స్. అంటే రెండు భాగాలు నేరుగా లెక్కలే, మైక్రోలోనూ లెక్కలే దాక్కుని ఉంటాయి. ఇప్పుడు భయపడి తప్పుకుంటే రేపు ఎంఏ మొదటి సెమ్‌లో అదే పేపర్ నీ ఎదురుగా కూర్చుంటుంది, అప్పుడు తప్పుకోవడానికి దారి ఉండదు.

సీఈసీ అని బెదరక్కర్లేదు. ఒకే చలరాశి ఉన్న రిగ్రెషన్‌లో, అంటే చుక్కల మధ్య గీత గీయడంలో, వాలు అంటే కోవేరియన్స్‌ని (రెండూ కలిసి ఎంత మారతాయో) వేరియన్స్‌తో (ఒక్కటే ఎంత మారుతుందో) భాగించడమే, కూడికలు భాగహారాలు. మాత్రికలు ఆ తర్వాతి సంగతి. అసలు కష్టం ఆలోచనలో ఉంది. మన విశాఖ ఫిషింగ్ హార్బర్ తీసుకో. చేప ధర పెరిగింది, అమ్మకం తగ్గింది. ధర పెరగబట్టి జనం కొనడం మానేశారా, చేపలు రాకపోబట్టి ధర పెరిగిందా? ఉత్త ధరలూ టన్నులూ గ్రాఫ్ మీద పెడితే ఏదీ తేలదు. కానీ ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది కదా, అది సరఫరాని మాత్రమే కదుపుతుంది. దాన్ని పట్టుకుని డిమాండ్ గీతని విడదీయొచ్చు. ఇది నేర్పే పేపర్ ఇంకోటి లేదు.

వన్‌టౌన్_వాడు:
మే నెలలో పెళ్లిళ్లుంటాయి, డిమాండ్ కూడా కదుల్తుంది కదా మావయ్యా.

లెక్కల_మావయ్య:
చూశావా, నువ్వు ఇప్పుడు చేసిందే ఎకనోమెట్రిక్స్. ఫారం నువ్వు కూడా నింపు.

పెందుర్తి_మేడమ్:
నేను డిగ్రీ కాలేజీలో గెస్ట్ ఫ్యాకల్టీని, ఈ పేపర్ చెప్పినదాన్నే. చేపల కథ బాగుంది గానీ సెమిస్టర్ ఎండ్‌లో చేపలు రావండీ. సిలబస్ ప్రకారం ముందు అజంప్షన్లు వస్తాయి: దోషాల (అసలు విలువకీ గీతకీ ఉన్న తేడాల) సగటు సున్నా, వేరియన్స్ సమానం, ఒకదానికొకటి సంబంధం లేకపోవడం, నార్మల్ డిస్ట్రిబ్యూషన్, ఇవన్నీ ఉంటేనే ఓఎల్ఎస్ (తేడాల వర్గాల మొత్తం అతి తక్కువగా ఉండేలా గీత గీసే పద్ధతి) ఉత్తమ అంచనా అవుతుందని నిరూపించమంటారు. పదో తరగతి లెక్కలతో వచ్చిన పిల్లలు అక్కడే ఆగిపోతారు.

లెక్కల_మావయ్య:
నార్మల్ అక్కర్లేదు. ఓఎల్ఎస్ ఉత్తమం అని చెప్పే గాస్–మార్కోవ్ సిద్ధాంతానికి నార్మల్ ఎక్కడుందండీ? లీనియర్, అన్‌బయాస్డ్ (సగటున అసలు విలువనే చూపే) అంచనాల్లో ఉత్తమం అనడానికి మీరు చెప్పిన మొదటి మూడూ చాలు.

పెందుర్తి_మేడమ్:
మా సిలబస్‌లో ఉంది. వచ్చిన అంచనా నిజమా, యాదృచ్ఛికమా అని చూసే టీ-టెస్ట్ ఎలా చేయిస్తారు మరి నార్మల్ లేకుండా?

లెక్కల_మావయ్య:
టీ-టెస్ట్ వేరు, గాస్–మార్కోవ్ వేరు. శాంపిల్ చిన్నదైతే టీ-టెస్ట్‌కి నార్మల్ కావాలి, పెద్దదైతే అదీ పట్టింపు లేదు. మీరు రెండూ కలిపేశారు. అదే పిల్లలకీ చెబుతున్నారన్నమాట.

ఉక్కునగరం_రిటైర్డ్:
బాబూ, నార్మలో అబ్‌నార్మలో పక్కన పెట్టండి. 2021 జనవరిలో స్టీల్ ప్లాంటులో నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణ అన్నారు, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ అన్నారు. సొంత ఇనుప గని లేని ప్లాంటుకి ముడి ఖనిజం ఖర్చెంత, ప్రభుత్వం ఎందుకు పెట్టాలి, ఎందుకు అమ్మాలి? పబ్లిక్ ఫైనాన్స్ చదివినవాళ్లయినా మాకు తిన్నగా చెబుతారని ఆశ. మా ఇంట్లో ఎంబీఏ చేసినవాడు కూడా చెప్పలేకపోయాడు.

వన్‌టౌన్_వాడు:
నా ఓటు పర్యావరణానికి. మేడ మీద దుప్పటి ఆరేస్తే సాయంత్రానికి నల్లగా వస్తుంది, ఎవరి పుణ్యమో చెప్పను. ఆ ఉతుకుడు ఖర్చు ఎవరి లెక్కల పుస్తకంలోనూ ఉండదు, దానికి ఎక్స్‌టర్నాలిటీ అని పేరుందని డిగ్రీలోనే తెలిసింది. అలాంటివాటికి పన్ను వెయ్యమన్నాడు ఆర్థికవేత్త పిగూ, హక్కులు స్పష్టంగా ఉండి బేరానికి ఖర్చు లేకపోతే వాళ్లలో వాళ్లే తేల్చుకుంటారన్నాడు ఇంకో ఆర్థికవేత్త కోస్, 1960లో. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో తెల్లవారుజామున నిద్రలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ వాయువు పీల్చినవాళ్లు ఎవరితో బేరమాడాలో మాత్రం కోస్ చెప్పలేదు.

ద్వారకానగర్_రీడింగ్‌రూమ్:
బాగా చెప్పావు. కానీ పిల్ల అడిగింది ఏది పెట్టాలని.

లెక్కల_మావయ్య:
మేడమ్ గారు నార్మల్ సంగతికి ఇంకా జవాబివ్వలేదు.

పెందుర్తి_మేడమ్:
ఇస్తాను, తీరిగ్గా వినండి. నాకు గంటకింత అని ఇస్తారు, అదీ నెలలు ఆలస్యంగా. ల్యాబ్‌లో కంప్యూటర్లు సగం పనిచేయవు. క్లాసులో నర్సీపట్నం నుంచి, చోడవరం నుంచి బస్సులో వచ్చే పిల్లలుంటారు, మధ్యాహ్నానికే కళ్లు మూతలు పడతాయి. ఈ పేపర్‌లో ఫెయిలైనవాడు మళ్లీ ఫీజు కట్టాలి, డిగ్రీ చేతికి రాక ఉద్యోగానికి అప్లై చేసుకోలేడు, ఇంట్లో ఆడపిల్లయితే ఆ గ్యాప్‌లో సంబంధాలు చూసేస్తారు. మీరు కుర్చీలో కూర్చుని చేపల గీతలు గీస్తారు. ఆ ఇళ్లకి వెళ్లి సమాధానం చెప్పేది నేను.

లెక్కల_మావయ్య:
అదీ అసలు సంగతి! "నీకు కష్టం అమ్మా, తేలికైంది పెట్టుకో" అని ప్రేమగా చెప్పే మాస్టారు నాకూ ఉన్నారు, ఆయన పేరెందుకు గానీ. సీఈసీ వాళ్లకి లెక్కలు అచ్చిరావన్నారు, విన్నాను. తర్వాత ఢిల్లీలో ఎంఏ ప్రవేశ పరీక్షకి కూర్చుంటే ప్రశ్న ఏమడుగుతోందో కూడా అర్థం కాలేదు. పక్కన కూర్చున్నవాడు నాకంటే తెలివైనవాడేం కాదు, వాడికి ఎవరూ కష్టం అని చెప్పలేదంతే. తర్వాత రాత్రుళ్లు ఒక్కణ్నే కూర్చుని నేర్చుకున్నాను. గ్రెటెల్, ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్లు ఉచితం, ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ పాఠాలు ఉచితం.

పెందుర్తి_మేడమ్:
మీరు చెప్పేది ఢిల్లీ వెళ్లే ఒక్క పిల్ల గురించి. నేను చెప్పేది క్లాసు మొత్తం గురించి.

గాజువాక_పిల్ల:
మేడమ్, ఒక విషయం ముందే చెప్పాల్సింది. ఇరవై మంది పెట్టకపోతే ఎకనోమెట్రిక్స్ నడపరట. ఇప్పటికి ఏడుగురం ఉన్నాం. నేను పెట్టాలంటే ఇంకా పదమూడు మందిని ఒప్పించాలి.

వన్‌టౌన్_వాడు:
ఓలమ్మో.

ద్వారకానగర్_రీడింగ్‌రూమ్:
అంటే నీ ఎంఏ కోసం పదమూడు మంది బ్యాక్‌లాగ్‌లు తెచ్చుకోవాలి. గ్రూప్-2కి కూర్చునే మా తమ్ముడు ఆ పదమూడులో ఉంటే ఊరుకోను.

లెక్కల_మావయ్య:
ఎందుకు ఫెయిలవుతారని ముందే రాసిపెట్టుకున్నారు? ఇరవై మంది కలిసి చదివితే ఒకరికొకరు చెప్పుకుంటారు. ఏడుగురే ఉంటే పేపరే పోతుంది, వచ్చే ఏడాది లిస్టులోనే ఉండదు. అలా ఒక్కో కాలేజీలో ఒక్కో పేపర్ పోయి చివరికి లెక్కలున్న ఎకనామిక్స్ డబ్బున్నవాళ్ల పిల్లలకే మిగులుతుంది.

పెందుర్తి_మేడమ్:
పేపర్ బతకాలని పిల్లల్ని అడ్డం పెట్టొద్దంటున్నా. అంత అక్కరుంటే ఆదివారాలు మీరొచ్చి చెప్పండి.

లెక్కల_మావయ్య:
వస్తాను. గది ఇప్పించండి.

పెందుర్తి_మేడమ్:
గెస్ట్ ఫ్యాకల్టీ అడిగితే గది ఇస్తారా! ప్రిన్సిపాల్‌కి లెటర్ మీరే పెట్టుకోండి.

ఉక్కునగరం_రిటైర్డ్:
మా అసోసియేషన్ హాల్ ఆదివారం ఖాళీయే. ఫ్యాన్లు తిరుగుతాయి.

గాజువాక_పిల్ల:
మా క్లాసు గ్రూపులో ఈ మాటలు ఎవరో పెట్టారండీ. ఏడుగురిలో ఇద్దరు ఇప్పుడే పబ్లిక్ ఫైనాన్స్‌కి మారిపోయారు. ఐదుగురం మిగిలాం.

లెక్కల_మావయ్య:
ఎవరా ఇద్దరు? నన్ను వాళ్లతో ఒకసారి మాట్లాడించమ్మా.

పెందుర్తి_మేడమ్:
ఇదిగో, వద్దన్నది దీన్నే.