బెంగళూరులో ఉచిత న్యాయ సహాయం: కూలీల అర్జీలపై మీ అనుభవాలు చెప్పండి

కదిరి వాసి, మారతహళ్ళి:
మా ఊరి నుండి వచ్చి ఇక్కడ కట్టడాల పనిలో ఉన్న ఒక దళిత మహిళకు మేస్త్రి నాలుగు నెలల కూలి ఎగవేశాడు. న్యాయ సహాయం కోసం ఆమెను వెంటబెట్టుకుని ఒక కార్యాలయానికి వెళ్ళగా, ఆదాయ ధ్రువపత్రం లేనిదే అర్జీ స్వీకరించేది లేదని తిప్పి పంపారు. ఆ పత్రానికై కదిరి వెళ్ళి రావాలంటే మరో రెండు రోజుల కూలి పోతుంది. ఇది ఇంకెవరికైనా ఎదురైందా?

విశ్రాంత గుమాస్తా, హోసూరు రోడ్డు:
ఆమెను ఆ పత్రం అడగనే కూడదు. 1987 నాటి న్యాయ సేవల చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండానే ఉచిత సహాయానికి అర్హులు. ఆదాయ పరిమితిని బట్టి సహాయం కోరేవారికి సైతం 13వ సెక్షన్ కింద సొంత ప్రమాణపత్రం సరిపోవచ్చు. అయితే అర్జీని ఎస్సీగా కాక మహిళగా పెట్టించండి. ఆంధ్రలో ఇచ్చిన కులపత్రం కర్ణాటకలో చెల్లుతుందా అన్న వాదన మొదలైతే నెలలు గడుస్తాయి. మా వీధిలోని ఒకాయన ఆ చిక్కులోనే పడ్డారు.

పాలమూరు బిడ్డ, కె.ఆర్.పురం:
గుమాస్తా గారి ఉపాయం పనికి వచ్చేదే గాని, కులం మాట ఎత్తకుండా హక్కు తెచ్చుకోవలసి రావడం నాకు మింగుడు పడదు. మేస్త్రి కులం పేరుతో దూషించి ఉంటే ఆ సంగతి దాచవద్దు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఇచ్చే రక్షణ బాధితుల స్వరాష్ట్రానికే పరిమితం కాదని బొంబాయి హైకోర్టు 2023లో తీర్పు చెప్పింది.

విశ్రాంత గుమాస్తా, హోసూరు రోడ్డు:
ఒప్పుకుంటాను. దూషణ జరిగితే అది వేరే ఫిర్యాదు. కూలి అర్జీని దానికి ముడిపెట్టి ఆపవద్దన్నదే నా మాట.

చిత్తూరు కోడలు, బొమ్మనహళ్ళి:
మా పనిమనిషికి కన్నడం చదవడం రాదు. ఆమె నోటితో చెప్పిన విషయాన్నే సిబ్బంది రాసుకుని వేలిముద్ర తీసుకున్నారు. కార్యాలయంలో మాట సాగకపోతే న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి, లేదా సిద్దయ్య రోడ్డులో రాష్ట్ర న్యాయ సేవల ప్రాధికార సంస్థ ఉండే న్యాయదేగుల భవనానికి నేరుగా వెళ్ళండి. ఒక్క జాగ్రత్త: లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీపై అప్పీలు ఉండదు. మా పనిమనిషి తొందరపడి సగం మొత్తానికే ఒప్పుకుంది.

కదిరి వాసి, మారతహళ్ళి:
ఈ రోజు మహిళగానే అర్జీ పెట్టించాము, తీసుకున్నారు. పనిచేసిన రోజులకు రుజువు అడిగితే, ఆమె సిమెంటు సంచి ముక్కపై గీతలు గీసి దాచుకున్న లెక్కను బయటకు తీసింది. దానికీ రసీదు ఇచ్చారు.